ఇంట్లో గిటార్ రికార్డింగ్: గుంయ్, జుయ్, చిటపటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, పాలమూరు... ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా మొదటి మాట ఒకటే: "అన్నా, రికార్డింగ్‌ల ఏదో సౌండ్ వస్తుంది." ఆ సౌండ్‌ను నోటితో చేసి మరీ వినిపిస్తారు. ఒకరు గుంయ్ అంటారు, ఒకరు జుయ్ అంటారు. ఒకాయన అయితే పాము బుస కొట్టినట్టు పది సెకన్లు ఊది, "గిట్ల" అన్నాడు. చెప్పిందే చెప్పీ చెప్పీ చివరికి అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలన్నీ రాసి పెట్టాను. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అక్కడే చదువుకోండి.

## ముందు: అది ఏ చప్పుడు?

అన్నా, ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలె? ఏది కొనాలె?

ఏమీ కొనొద్దు. ముందు ఒక్కొక్కటి పీకుతూ పోండి. రికార్డింగ్ మీటర్ కళ్ల ముందు పెట్టుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ వరుసలో చేయండి. మొదట గిటార్ మీద వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పండి. గోల పోయిందా? అయితే అది పికప్పుల (తీగల కదలికను పట్టే అయస్కాంత చుట్టలు) నుంచి వస్తోంది. పోలేదా? కేబుల్‌ను గిటార్ వైపు పీకకండి, ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) వైపు పీకండి. (గిటార్ వైపు పీకితే కేబుల్ ఖాళీ కొస యాంటెన్నాలా ఇంకా గట్టిగా మోగుతుంది, మీరు తప్పుదారి పడతారు.) ఇప్పుడు పోతే గోల గిటార్‌లోనో కేబుల్‌లోనో ఉంది. ఇంకా ఉంటే లాప్‌టాప్ చార్జర్ పీకండి. అప్పుడు పోతే కరెంటు వైపు చూడాలి. అయినా పోకపోతే ఇంటర్‌ఫేస్ గెయిన్ (లోపలికి వచ్చే ధ్వనిని పెంచే నాబ్) పూర్తిగా తగ్గించి చూడండి. అప్పటికీ వినిపిస్తుంటే అది రికార్డు అయ్యే గోల కాదు, మీ హెడ్‌ఫోన్లలో వినిపించే గోల మాత్రమే. పది నిమిషాల పని ఇది. నాకు తెలిసి సగం మంది ఈ పది నిమిషాలు పెట్టకుండానే కొత్త ఇంటర్‌ఫేస్ కొన్నారు, కొత్తదాంట్లోనూ అదే గుంయ్ విన్నారు.

గుంయ్‌మనుడు, జుయ్‌మనుడు, సుయ్‌మనుడు... వీటికి తేడా ఏంది?

చాలా తేడా ఉంది. చెవితోనే సగం రోగం కనిపెట్టొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడ్డట్టు లావుగా గుంయ్‌మంటే అది కరెంటు హమ్. తేనెటీగల తుట్టె కదిలినట్టు సన్నగా, గరుకుగా జుయ్‌మంటే డిమ్మర్, చౌక ఎల్‌ఈడీ, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ లాంటిది దగ్గర్లో ఉన్నట్టు. రేడియో స్టేషన్ దొరకనప్పటి సుయ్ అయితే గెయిన్ మరీ ఎక్కువైంది. పేలాలు వేగుతున్నట్టు చిటపటలైతే కంప్యూటర్ అందుకోలేకపోతోంది. కీచుమని సన్నగా, మౌస్ కదిపితే మారుతూ ఉంటే యూఎస్‌బీ వైపు అనుమానించాలి.

యూట్యూబ్‌ల 60 హెర్ట్జ్ కట్ చేయమన్నరు. చేసిన, ఏం ఫరక్ పడలె.

పడదు. ఆ వీడియో చేసిన మనిషి అమెరికాలో ఉన్నాడు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన గోల 50 దగ్గర, దాని రెట్లు 100, 150, 200 దగ్గర ఉంటుంది. మీరు 60 దగ్గర కోస్తే గోల అక్కడ లేదు.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి మీ గోలను వినిపించండి. అది 'జి' చూపించి, ముల్లు కొంచెం పైకి లేస్తే కరెంటు హమ్ అని తేలిపోయినట్టే. కింది జి స్వరం 49 హెర్ట్జ్, మన కరెంటు 50. అందుకే జి మేజర్ పాటల్లో ఈ గోల దాక్కుంటుంది, ఎఫ్ షార్ప్‌లో వాయిస్తే నిలబెట్టి కొడుతుంది.

## గిటార్, కేబుల్

తీగల మీద చెయ్యి పెడితే సౌండ్ ఆగుతది, తీస్తే మళ్ల వస్తది. గిటార్ ఖరాబయిందా?

ఖరాబు కాలేదు, సరిగానే ఉంది. గిటార్ లోపల బ్రిడ్జి (తీగల కింది కొనలు ఆనే భాగం) కింద నుంచి ఒక సన్నని తీగ జాక్ గ్రౌండ్‌కు వెళ్తుంది. మీ ఒళ్లు గదిలోని కరెంటు గోలనంతా పట్టుకుని గిటార్ పక్కన కూర్చుంటుంది. తీగలు ముట్టుకోగానే ఆ గోల గ్రౌండ్‌లోకి దిగిపోతుంది. వాయించేటప్పుడు చెయ్యి ఎలాగూ తీగల మీదే ఉంటుంది కాబట్టి రికార్డింగ్‌కు పెద్ద అడ్డు కాదు. మరీ ఎక్కువగా ఉంటే గిటార్ లోపలి గుంతలకు రాగి రేకు అంటించి గ్రౌండ్‌కు కలిపిస్తే చాలా తగ్గుతుంది. అంటించేటప్పుడు రేకు జాక్ కొనకు తగలకుండా చూసుకోవాలి. తగిలితే గిటార్ మూగబోతుంది.

నాకు ఉల్టా ఉంది. ముట్టుకుంటేనే ఎక్కువైతుంది.

బ్రిడ్జి కింది తీగ ఊడి ఉంటుంది, లేదా జాక్ దగ్గర రెండు తీగలు తారుమారు చేసి టంకం పెట్టి ఉంటారు. గిటార్ విప్పి చూపించాలి. ముట్టుకున్నప్పుడు చేతికి జుమ్మని కూడా అనిపిస్తుంటే గిటార్ సంగతి తర్వాత, ముందు ఆ ఇంటి ఎర్తింగ్ చూపించండి.

సింగిల్ కాయిల్ తీసేసి హంబకర్ వేయించుకోవాల్నా?

సింగిల్ కాయిల్ అంటే ఒకే చుట్ట ఉన్న పికప్. హంబకర్ పుట్టిందే ఈ గోల మీద. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీర్ సేత్ లవర్ రెండు కాయిళ్లను పక్కపక్కన పెట్టి, ఒకదాని చుట్టు, అయస్కాంతం రెండూ తిప్పేశాడు. తీగ ధ్వని రెండిట్లోనూ ఒకే వైపు కలుస్తుంది. గది గోల ఎదురెదురై కొట్టుకుపోతుంది. పేరులోనే ఉంది, హమ్‌ను అణిచేది అని.

కానీ వెంటనే మార్పించొద్దు. మూడు సింగిల్ కాయిళ్ల గిటార్లలో చాలావాటికి మధ్య పికప్ తిరగేసి చుట్టి ఉంటుంది. స్విచ్‌ను రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెట్టి చూడండి. గోల గబుక్కున పడిపోతే పైసా ఖర్చు లేకుండా మీకు హంబకర్ దొరికినట్టే. ఇంకొక పని: గిటార్ పట్టుకుని కుర్చీలో నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఒక దిక్కున గోల సగానికి సగం తగ్గుతుంది. ఆ దిక్కుకే కూర్చుని వాయించండి. మా గదిలో అది తూర్పు. వాస్తు అనుకుంటారేమో, ఆ గది మీటర్ బోర్డు ఉత్తరం గోడకు ఉంది, అంతే.

కేబుల్ కదిలిస్తే గరగర అంటుంది.

జాక్ నట్టు వదులై ఉంటుంది, లేదా ప్లగ్గులో టంకం విడిపోయి ఉంటుంది. నట్టు బిగించేటప్పుడు లోపల జాక్ మొత్తం గిర్రున తిరగకుండా పట్టుకోండి, తిరిగితే తీగలు తెగుతాయి. ఇంకొకటి, చూడటానికి ఒకేలా ఉన్నా స్పీకర్ కేబుల్ వేరు, గిటార్ కేబుల్ వేరు. స్పీకర్ కేబుల్‌లో రెండు మామూలు తీగలే ఉంటాయి, చుట్టూ జల్లెడలాంటి అల్లిక (షీల్డ్) ఉండదు. దాంతో గిటార్ పెడితే ఊరి గోలంతా లోపలికి వస్తుంది. ఇంట్లో రికార్డింగ్‌కు 3 మీటర్ల కేబుల్ చాలు. పది మీటర్లు పెడితే గోల పెరుగుతుంది, పై స్వరాల మెరుపూ పోతుంది.

నాబ్ తిప్పంగనే బరబరమంటుంది.

దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే నాబ్ లోపలికి కొట్టి, ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె పోయకండి. పోసినవాళ్లున్నారు.

గిటార్‌ల రేడియో వినిపిస్తుంది, నవ్వొద్దు అన్నా.

నవ్వను, నాకూ వినిపించింది. ఏఎం రేడియో తరంగాలను పొడుగు కేబుల్ పట్టుకుంటుంది, మొదటి ట్రాన్సిస్టర్ దాన్ని మాటగా మార్చేస్తుంది. పాతకాలం రేడియో పనిచేసే పద్ధతే ఇది. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వస్తుంది. మా ఫజ్ పెడల్‌లో రాత్రిపూట సన్నగా వార్తలు నడిచేవి. మంచి షీల్డ్ ఉన్న పొట్టి కేబుల్ పెట్టండి, కేబుల్ చివర ఫెర్రైట్ పూస (రేడియో గోలను ఆపే నల్లటి పూస) తగిలించండి.

ఎండాకాలం రాంగనే అకౌస్టిక్ గిటార్ జిర్రుమంటుంది. మైకు తప్పా?

మైకు తప్పు కాదు, గిటారే జిర్రుమంటోంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిబారి చెక్క ముడుచుకుంటుంది. పై పలక కుంగి తీగలు కిందికి దిగుతాయి, ఫ్రెట్లకు తగులుతాయి. ఫ్రెట్లు ఉన్న పట్టీ అంచున వేలు జరిపితే ఫ్రెట్ల కొనలు గీరుకుంటాయి, అదే గుర్తు. గిటార్‌ను గోడకు వేలాడదీయకుండా పెట్టెలో పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజిని చిల్లుల సబ్బుపెట్టెలో ఉంచి పక్కన పెట్టండి. స్పాంజి నీళ్లు చెక్కకు తగలకూడదు. వారంలో తేడా తెలుస్తుంది. ఎయిర్ కూలర్ ముందు కూర్చోబెట్టొద్దు. వానాకాలంలో అదే చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, అప్పుడు జిర్రు ఉండదు గానీ వేళ్లు నొస్తాయి.

## కరెంటు, ఎర్తింగ్

చార్జర్ పీకేస్తే గోల పోతది. పెట్టుకునే రికార్డు చేయాలంటే ఎట్ల?

చార్జర్ గుండా భూమికి ఒక దారి, మీరు వాడే ఆంప్‌కో (గిటార్ ధ్వనిని పెంచే పెట్టె) స్పీకర్లకో ఇంకొక దారి, రెండూ యూఎస్‌బీ, ఆడియో కేబుళ్ల ద్వారా కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఆ చుట్టులో తిరిగే కరెంటే మీకు గుంయ్‌మని వినిపిస్తుంది. లాప్‌టాప్, స్పీకర్లు, మానిటర్ అన్నిటినీ ఒకే గోడ సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెట్టండి. చాలా ఇళ్లలో దీంతోనే సగం పోతుంది. స్పీకర్లకు వెళ్లే కేబుళ్లు బ్యాలెన్స్‌డ్‌వి (రెండు తీగల్లో ఎదురెదురుగా సిగ్నల్ పంపి గోలను కొట్టేసేవి) వాడండి. అప్పటికీ ఉంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (గిటార్‌కు, ఇంటర్‌ఫేస్‌కు మధ్య పెట్టే చిన్న పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది ఆడియో దారిలో గ్రౌండ్‌ను విడదీస్తుంది, కరెంటు ఎర్తింగ్‌ను ముట్టుకోదు, కాబట్టి ప్రమాదం లేదు.

నేను మాత్రం ఇవేమీ చేయను. బ్యాటరీ మీద వాయిస్తాను, చాయ్ తాగేటప్పుడు చార్జింగ్ పెడతాను.

మూడో పిన్ను ఇరగ్గొడితే గోల పోతదంట కదా?

పోతుంది. మనిషి కూడా పోవచ్చు. ఈ సలహా ఎవరిచ్చినా వినొద్దు. మూడో పిన్ను, ఆ లావుపాటిది, ఆంప్ ఇనుప పెట్టెకు కరెంటు తగిలినప్పుడు దాన్ని భూమిలోకి దింపి ఫ్యూజు కొట్టించడానికి ఉంది. అది తీసేస్తే ఆ కరెంటు గిటార్ కేబుల్ గుండా బ్రిడ్జికి, బ్రిడ్జి నుంచి తీగలకు వచ్చి మీ చేతి కోసం కాచుకుని ఉంటుంది. గిటార్ తీగలు గ్రౌండ్‌కు కలిసే ఉంటాయని మరచిపోవద్దు. చెయ్యి తీగల మీద పెట్టి, పెదవి ఇనుప మైకుకు ఆనించి పాడేవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే కరెంటు ఛాతీ గుండా దాటుతుంది.

మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్లో పెట్టడానికి దొరికే అడాప్టర్ కూడా ఇదే పని చేస్తుంది. పెళ్లి పందిళ్లలో వైరు కొనలు రెండు సాకెట్లో గుచ్చి అగ్గిపుల్లలు దోపడం అందరం చూసిందే. ఇంట్లో ఆ పని చేయకండి. మీటర్ దగ్గర 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే కరెంటు కొంచెం పక్కదారి పట్టగానే అదే పడిపోతుంది. గిటార్ కొనే ముందు కొనాల్సిన వస్తువు అది.

మా ఇంట్ల ఎర్తింగ్ ఉందో లేదో ఎట్ల తెలుస్తది?

సాకెట్లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. మా పాత ఇంట్లో ఆ రంధ్రం వెనక తీగే లేదు, ఉత్త బొక్క. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయమనండి. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య 230 చుట్టుపక్కల రావాలి. ఫేజుకు ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. రెండో కొలత నూరో నూటయాభయ్యో చూపిస్తూ ఊగిసలాడితే ఎర్త్ తెగి ఉంది. "టెస్టర్ పెట్టిన, మంచిగనే ఉంది" అంటే ఒప్పుకోకండి, టెస్టర్ ఎర్తింగ్‌ను చూపించదు. ఇంకొంతమంది ఎర్త్ రంధ్రాన్ని లోపల న్యూట్రల్‌కు కలిపి "అయిపోయింది" అంటారు. అది లేనిదానికంటే ప్రమాదం, విప్పి చూపించమనండి.

తర్వాత పెరట్లోకి వెళ్లి ఎర్త్ గుంత చూడండి. మన నేల కింద రాయి, పైన పొడి మట్టి. ఉప్పు, బొగ్గు వేసి పాతిన గుంత కూడా ఎండాకాలం తడి ఆరిపోయి పనిచేయడం తగ్గిస్తుంది. ఏప్రిల్ నుంచి మా ఇంట్లో గుంయ్ పెరిగేది, జూన్ వానలకు తగ్గేది. రెండేళ్లు వాతావరణం మహిమ అనుకున్నాను. ఇప్పుడు వారానికి రెండు బకెట్ల నీళ్లు ఆ గుంతలో పోస్తున్నాను, మే నెలలో కూడా నిశ్శబ్దం.

లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జుమ్మంటుంది. గోల కూడా ఉంది. భయం లేదా?

రెండు పిన్నుల చార్జర్లలో గోల అణచడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు జారి ఇనుప బాడీ మీదికి వస్తుంది. చెప్పులు లేకుండా బండల మీద కూర్చున్నప్పుడు చీమలు పాకినట్టు అనిపించేది అదే. కంపెనీ చార్జర్‌తో ఇలా ఉండటం మామూలే. చౌకగా కొన్న డూప్లికేట్ చార్జర్ అయితే మాత్రం లోపల ఏముందో ఎవరికీ తెలియదు, వెంటనే ఆపేయండి. చీమలు పాకినట్టు కాక చురుక్కుమంటే ఏ చార్జరైనా సరే ఆపాలి.

పొద్దంత మంచిగనే ఉంటది, సాయంత్రమైతేనే గోల మొదలైతది.

సాయంత్రం మీ ఇంట్లో కొత్తగా ఏం వెలుగుతుందో చూడండి. దేవరకొండలో ఒక స్నేహితుడికి సరిగ్గా ఆరున్నరకు జుయ్ మొదలయ్యేది. గిటార్ మార్చాడు, కేబుల్ మార్చాడు, లాప్‌టాప్ ఫార్మాట్ కూడా కొట్టాడు. నేను వెళ్లిన రోజు ఆరున్నరకు వాళ్లమ్మ దీపం పెట్టి, దేవుడి గూట్లో రంగురంగుల ఎల్‌ఈడీ సీరియల్ బల్బుల స్విచ్ వేసింది. జుయ్! ఆ గూడు గోడకు అవతలి వైపే వాడి కుర్చీ. "అమ్మా, ఒక్క పాట అయ్యేదాకా బంద్ చెయ్యవా" అంటే, "దేవుని దీపం నీ పాట కోసం ఆర్పాల్నారా?" అంది. చివరికి కుర్చీయే కిటికీ దగ్గరికి జరిగింది.

ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్, చౌక ఎల్‌ఈడీ బల్బు, చోక్ పోతున్న ట్యూబ్‌లైటు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ - వీటిని ఒక్కొక్కటే ఆపి చూడండి. డిమ్మర్ లాంటి రెగ్యులేటర్ అయితే ఫ్యాన్‌ను పూర్తి స్పీడ్‌లో పెట్టినా గోల తగ్గుతుంది. అది స్పీడు తగ్గించడానికి కరెంటును సెకనుకు వంద సార్లు కోస్తుంది, ఆ కోతే మీకు వినిపించేది.

బోరు మోటరు ఏసినప్పుడల్ల టప్‌మని పడుతుంది.

మోటరు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, స్టార్టర్ కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. ఆ దెబ్బ లైనులోనూ గాలిలోనూ మీదాకా వస్తుంది. ఫ్రిజ్ ఆగి మొదలైనప్పుడు పడే చిన్న టప్ కూడా అదే జాతి. ఊళ్లలో ఒకప్పుడు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి లేచేవి, ఆ టైము తప్పించి రికార్డింగ్ పెట్టుకునేవాళ్లం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక రైతులకు సుఖం, మాకు మాత్రం ఎవరి మోటరు ఎప్పుడు లేస్తుందో తెలియదు. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపితే లైను గుండా వచ్చేది చాలావరకు ఆగుతుంది. పడ్డ టప్‌ను ఆ ఒక్క ముక్క మళ్లీ వాయించి అతికించుకోవడమే మేలు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాంగనే గోల రెట్టింపైతుంది.

మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. లైను కరెంటు అలలా మెత్తగా లేచి పడుతుంది, ఇది మెట్లలా దభీమని లేచి పడుతుంది. ఆ మెట్ల అంచుల్లో వందలాది పై స్వరాలు ఉంటాయి, ఫ్యాన్ కూడా అందుకే మూలుగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ బాధ ఉండదు. ఉన్నదాంతోనే నెట్టుకురావాలంటే కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్‌ను ఇన్వర్టర్ సాకెట్ నుంచి పీకేసి దాని బ్యాటరీ మీదే రికార్డు చేయండి.

టిడిడిట్ టిడిడిట్ అని వస్తది అప్పుడప్పుడు.

ఫోన్. 2జీ సిగ్నల్ సెకనుకు 217 సార్లు ఆగి ఆగి కొడుతుంది, ఆ లయే మీకు వినిపించేది. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్లలో ఫోన్ 2జీకి జారిపోయి ఇంకా గట్టిగా అరుస్తుంది. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ ఒక్క సిమ్ ఉన్న ఫోన్లతో ఇది రాదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. జేబులో పెట్టుకుని వాయించేవాళ్లు జేబు కూడా చూసుకోండి.

## కంప్యూటర్, ఇంటర్‌ఫేస్

ఇంటర్‌ఫేస్ లేకుండ లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంల గిటార్ పెట్టొచ్చునా?

పెట్టొచ్చు, వినబుద్ధి కాదు. గిటార్ పికప్‌కు దాదాపు 1 మెగాఓమ్ ఇంపెడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి. లాప్‌టాప్ మైకు రంధ్రం కొన్ని వేల ఓములకే పరిమితం. పై స్వరాలు చచ్చిపోతాయి, ధ్వని చిన్నబోతుంది, దాన్ని పెంచడానికి మైక్ బూస్ట్ పెడితే దాంతోపాటు సుయ్ కూడా ముప్పై డీబీ (డెసిబెల్, ధ్వని హెచ్చుతగ్గుల కొలత) లేస్తుంది. రెండు ఇన్‌పుట్ల చిన్న ఇంటర్‌ఫేస్ కొనండి. దాని మీద 'ఇన్‌స్ట్' (Inst) లేదా 'హై-జెడ్' (Hi-Z) అని రాసిన స్విచ్ ఉంటుంది, గిటార్ పెట్టినప్పుడు అది నొక్కాలి. కొన్నాక కూడా ఆ స్విచ్ నొక్కకుండా "సౌండ్ చిన్నగ ఉంది, గోల ఎక్కువుంది" అని అడిగేవాళ్లు నెలకు ఒక్కరైనా ఉంటారు.

మౌస్ కదిలిస్తే కీచుమని సౌండ్ మారుతుంది.

కంప్యూటర్ లోపలి గోల యూఎస్‌బీ కేబుల్ గుండా ఇంటర్‌ఫేస్‌కు చేరుతోంది. యూఎస్‌బీ సెకనుకు వెయ్యి సార్లు, హై స్పీడ్‌లో ఎనిమిది వేల సార్లు పలకరించుకుంటూ ఉంటుంది. ఆ 1,000, 8,000 హెర్ట్జ్ దగ్గరే ఈ కీచు నిలబడుతుంది. వేరే పోర్టులో పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టులు వదిలి వెనక మదర్‌బోర్డు మీదున్నవి వాడండి. హబ్ తీసేయండి. ఇంటర్‌ఫేస్‌కు సొంత అడాప్టర్ పెట్టే వీలుంటే పెట్టండి.

మధ్యమధ్యల చిటపటమంటుంది. ఒక్కోసారి అసలు ఉండది.

ఇది కరెంటు గోల కాదు, కంప్యూటర్‌కు ఊపిరి ఆడటం లేదు. బఫర్ సైజు అని ఒకటుంటుంది, కంప్యూటర్ ఒక్కో విడతకు అందుకునే ధ్వని ముక్క అది. ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో అది శాంపిల్ రేట్, ఒక్కో కొలత ఒక శాంపిల్. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లు అంటే కంప్యూటర్‌కు దొరికే గడువు 2.7 మిల్లీసెకన్లు. ఆలోపు పని అయిపోకపోతే టక్‌మంటుంది. 256కు, అప్పటికీ ఉంటే 512కు పెంచండి. 512కు గడువు దాదాపు 10.7 మిల్లీసెకన్లు. వాయించినదానికి వినిపించేదానికి కొంచెం ఎడం తెలుస్తుంది, అది ఇబ్బందైతే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ నొక్కి వినండి.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవర్ వేసుకోండి. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. రికార్డింగ్ జరిగినంతసేపు వైఫై ఆపండి, పాత లాప్‌టాప్‌లలో వైఫై డ్రైవరే ఎక్కువసార్లు దొంగ. శాంపిల్ రేట్ విండోస్‌లో 44.1 కిలోహెర్ట్జ్ పెట్టి సాఫ్ట్‌వేర్‌లో 48 పెడితే కూడా ఇలాగే అవుతుంది, రెండూ ఒకటి చేయండి.

నేను వాయించేది రెండుసార్లు వినిపిస్తుంది, డబ్బాలకెళ్లి వచ్చినట్టు.

ఒకటి ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా, ఇంకొకటి సాఫ్ట్‌వేర్ చుట్టు తిరిగి వస్తోంది. రెండిట్లో ఒకటి ఆపండి.

తీగ మీటంగనే మంచిగ వస్తది, రెండు సెకండ్లల్ల దానంతట అదే మాయమైతది.

విండోస్ మీ గిటార్‌ను గోల అనుకుంటోంది. మీటింగుల్లో ఫ్యాన్ చప్పుడు తీసేయడానికి పెట్టిన సౌకర్యం, సాగే స్వరాన్ని కూడా ఫ్యాన్ అనుకుని తుడిచేస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, ఆ తర్వాత మీ ఇన్‌పుట్ పరికరం తెరిచి 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆఫ్ చేయండి. లాప్‌టాప్ కంపెనీ వాళ్ల సొంత నాయిస్ క్యాన్సిలింగ్ యాప్ ఉంటే దాన్నీ ఆపండి.

గెయిన్ ఎంత పెట్టాలె? ఎర్ర లైటు దాకనా?

వద్దు. 24 బిట్లలో రికార్డు చేస్తూ, మీరు ఎంత గట్టిగా కొట్టినా మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా పెట్టండి. ఎర్ర లైటు వెలిగితే పరపరమనే చీలిక వస్తుంది, దాన్ని తర్వాత ఎవరూ అతకలేరు. టేపుల కాలంలో సుయ్‌ను ముంచడానికి గట్టిగా రికార్డు చేయాల్సి వచ్చేది. 24 బిట్లలో అతి చిన్న ధ్వనికీ అతి పెద్దదానికీ మధ్య కాగితం మీద 144 డీబీల ఎడం ఉంది, ఆ తొందర ఇప్పుడు లేదు.

క్లీన్ టోన్ మంచిగనే ఉంది. డిస్టార్షన్ ఏస్తే రేకుల మీద వాన పడ్డట్టుంది.

డిస్టార్షన్ అంటే చిన్నదాన్ని పెద్దది చేయడమే. గిటార్‌తోపాటు గోలనూ నలభై, యాభై డీబీలు లేపుతుంది. ముందు గెయిన్ మూడో వంతు తగ్గించి చూడండి, రికార్డింగ్‌లో రెండు ట్రాకులు కలిస్తే అనుకున్నంత గెయిన్ అక్కర్లేదని తెలుస్తుంది. ఆ తర్వాత నాయిస్ గేట్‌ను (ధ్వని చిన్నదైనప్పుడు దారి మూసేసేది) ఆంప్ ప్లగిన్‌కు (కంప్యూటర్‌లో ఆంప్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) ముందు పెట్టండి, వెనక కాదు. ముందు పెడితే గిటార్‌కూ గోలకూ మధ్య తేడా స్పష్టంగా ఉంటుంది. వెనక పెడితే రెండూ ఒకే ఎత్తున ఉండి గేటు దేన్ని ఆపాలో తేల్చుకోలేదు.

## మైకు, గది

మే నెలల ఫ్యాన్ బంద్ చేసి ఎట్ల వాయించాలన్నా?

44 డిగ్రీల ఎండలో ఫ్యాన్ ఆపమని నేనూ చెప్పలేను. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య రికార్డు చేయండి, గోడలు అప్పటికి చల్లబడతాయి, రోడ్డు మీద బండ్లూ ఉండవు. పగలే తప్పదంటే ఒక్కో పాట నాలుగు నిమిషాలు ఫ్యాన్ ఆపి, మైకును గిటార్‌కు దగ్గరగా, 12వ ఫ్రెట్ ఎదురుగా జానెడు దూరంలో పెట్టండి. మైకు దూరం సగం చేస్తే గిటార్ 6 డీబీ పెరుగుతుంది, గది గోల అక్కడే ఉంటుంది. కండెన్సర్ మైకు వీధి చివరి కుక్కను కూడా పట్టుకుంటుంది. ఇలాంటి గదుల్లో మామూలు డైనమిక్ మైకే నయం.

గది ఖాళీగ ఉంది, బాయిలకెళ్లి వాయించినట్టుంది.

కింద షాబాదు బండలు, నాలుగు పక్కలా సున్నం గోడలు, పైన స్లాబు. ధ్వని ఎటు పోయినా తిరిగి వస్తుంది. ఫోమ్ ముక్కలు కొనే ముందు ఇంట్లో గొంగడి ఉందేమో వెతకండి. కురుమలు నేసే దక్కనీ ఉన్ని గొంగడి, పాలమూరు వైపు చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. దాన్ని మీ వెనక గోడకు జానెడు ఎడంగా తాడు మీద వేలాడదీయండి. గోడకు ఆనించి కొడితే సగం పనే చేస్తుంది, ఎడం ఉండాలి. కింద రెండు బొంతలు పరవండి. పరుపు నిలబెట్టినా సరే.

మా ఇంట్ల మగ్గం ఉంది. పక్క గదిల కూసున్నా టకటక వస్తది.

పోచంపల్లి వైపు ఒక నేత ఇంట్లో ఈ పని మీద రెండు రోజులు కూర్చున్నాను. తలుపు మూశాం, సందులకు గుడ్డలు కుక్కాం, టకటక తగ్గింది గానీ దాని కింద దబ్ దబ్ అని మెత్తటి దెబ్బ ఆగలేదు. అది గాలిలో రావడం లేదు. మగ్గం గుంజల నుంచి నేలలోకి, నేల నుంచి మైకు స్టాండు కాళ్లలోకి ఎక్కుతోంది. స్టాండు కింద నాలుగు మడతల గొంగడి పెట్టి, కుర్చీ కింద కూడా పెట్టాం. దబ్ పోయింది. మిగిలిన టకటక కోసం ఆ ఇంటాయన పోగులు అతుక్కునే వేళ చూసుకుని వాయించమన్నాడు. పోగు అతికేటప్పుడు మగ్గం ఆగుతుంది, నాలుగు నిమిషాల పాటకు అది చాలు.

ఇలాంటిచోట మైకు ట్రాకుకు 80 హెర్ట్జ్ కింద కోసే హై పాస్ ఫిల్టర్ కూడా పెట్టండి. గిటార్ అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ఆ కిందున్నదంతా నేల చప్పుడే.

## రికార్డు అయిపోయినంక

50, 100, 150 దగ్గర కోస్తే సరిపోతదా?

50 దగ్గర నిర్భయంగా కోయండి, గిటార్‌కు అక్కడ స్వరాలు లేవు. 100 దగ్గర జాగ్రత్త. అడుగు తీగ మూడో ఫ్రెట్ మీది జి స్వరం 98 హెర్ట్జ్. వెడల్పుగా కోస్తే పాటలో ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గుంటలో పడ్డట్టు ఉంటుంది. సూదిలా సన్నగా కోసి, జి కార్డు దగ్గర ఆపి వినండి.

మంచి టేక్ పడ్డది, మళ్ల అట్ల వాయించలేను. గోలను ఎట్ల తీసేయాలె?

ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో నాయిస్ రిడక్షన్ ఉంది. వాయించకుండా ఉన్న ముక్క, ఒకటి రెండు సెకన్లదైనా సరే, ఎంచుకుని 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కండి. తర్వాత తుడవాల్సిన భాగం ఎంచుకుని 6 డీబీ తగ్గించండి. ఒకేసారి 24 పెట్టొద్దు, తీగ మోగి ఆగేచోట నీళ్లలో బుడగలు లేచినట్టు వస్తుంది. 6 చాలకపోతే ఇంకొక 6. రీపర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు అందులోని రియాఫిర్ (ReaFIR) సబ్‌ట్రాక్ట్ మోడ్ ఇదే పని చేస్తుంది.

పాట మధ్యలో గిటార్ ఒక్కటే ఉన్నచోట, మొదటి కార్డు ముందు, చివరి కార్డు ఆరిపోయేచోట మాత్రమే తుడవండి. తబలా, గొంతు కలిసిన చోట ఆ గోల ఎవరికీ వినిపించదు, అక్కడ గిటార్‌ను గాయపరచడం ఎందుకు? ఇకనుంచి రికార్డు బటన్ నొక్కాక చెయ్యి తీగల మీద ఆనించి, పది సెకన్లు ఏమీ వాయించకుండా కూర్చోండి. ఆ పది సెకన్ల గోలే తర్వాత ప్రొఫైల్‌గా పనికొస్తుంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పిపెట్టండి. మా ఇంట్లో నేను కదలకుండా కూర్చోవడం చూసి, పాట అయిపోయిందనుకుని సరిగ్గా ఆరో సెకనుకు మిక్సీ వేస్తారు.